మంచి మనసుకు పద్దు కావాలి

ప్రతి పట్టణంలోనూ మంచివాళ్లుంటారు. ఎండలు ముదరగానే చలివేంద్రం పెట్టేవాళ్లు, పిల్లల పుట్టినరోజుకి వృద్ధాశ్రమంలో భోజనాలు పెట్టించేవాళ్లు, చలికాలం రాగానే బస్టాండు దగ్గర దుప్పట్లు పంచేవాళ్లు మన వీధిలోనే కనిపిస్తారు. అదే పట్టణంలో పక్షవాతం వచ్చి మంచం పట్టిన పెద్దాయనకు పూటపూటా పక్క మార్చేవాళ్లు ఉండరు. బుద్ధి ఎదగని కూతుర్ని గదిలో పెట్టి, బయట గొళ్లెం వేసి పనికి వెళ్లే తల్లి ఉంటుంది. ఇవి రెండూ ఒకే ఊళ్లో పక్కపక్కనే ఎలా ఉంటున్నాయి? మన మంచితనం ఏడాదికి కొన్ని రోజులే గడప దాటుతుంది. వాళ్ల అవసరం రోజూ తెల్లవారుతుంది.

ఆ ఖాళీని పూడ్చే పని గురించే ఈ అధ్యాయం. దానికి మీరు కౌన్సిలర్ కానక్కర్లేదు, డబ్బున్నవాళ్లూ కానక్కర్లేదు. రిటైరైన టీచరు, మహిళా సంఘం లీడరు, మందుల షాపు నడిపే మనిషి, డిగ్రీ చదివే అమ్మాయి కలిసి కూర్చుంటే చాలు. నేర్చుకోవాల్సిన విద్యలు మూడే: మనుషుల్ని లెక్కపెట్టడం, ఖర్చు లెక్కగట్టడం, ఏ ఖర్చుకు ఏ డబ్బు సరిపోతుందో జత కలపడం. ఈ మూడింటికీ మూలసూత్రం ఒకటే. ఎప్పుడూ నడిపే ఖర్చుతో మొదలుపెట్టండి. కట్టే ఖర్చు ఆ తర్వాత.

భవనం నిలుస్తుంది, సేవ ఆగిపోతుంది

భవనానికి డబ్బు దొరకడం అంత కష్టం కాదు. శిలాఫలకం మీద పేరు ఉంటుంది కాబట్టి దాత ముందుకొస్తాడు. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల నియోజకవర్గ నిధి ఉంటుంది. దాని ఉద్దేశమే ప్రజలకు పనికొచ్చే శాశ్వత ఆస్తులు కట్టడం. కానీ ఆ భవనంలో వంట చేసే మనిషి జీతం, గ్యాసు బండ, కరెంటు బిల్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. ప్రారంభోత్సవం అయిన మూడో నెల నుంచి వేధించేవి అవే.

మన కళ్లముందే ఒక ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018 జూలైలో మొదలయ్యాయి. పూటకు 5 రూపాయలు తినేవాళ్లు ఇచ్చేవారు, మిగతా ఖర్చు ప్రభుత్వం భరించేది. 2019లో ప్రభుత్వం మారాక అవి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో చాలాచోట్ల భవనాలు నిలిచే ఉన్నాయి. ఆగింది రోజూ వండి వడ్డించే ఖర్చు. ఏ ప్రభుత్వం చేసింది ఒప్పు అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. ఒకే చేతి మీద నిలబడ్డ సేవ, ఆ చేయి తీసేసిన రోజున పడిపోతుంది. మీ పట్టణంలో మీరు తలపెట్టే సేవకు ఆ గతి పట్టకూడదంటే మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న ఇది: దీన్ని మూడో ఏడాది ఎవరి డబ్బుతో నడుపుతాం?

ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

ఉదాహరణకు 80,000 జనాభా ఉన్న ఒక పట్టణం అనుకుందాం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవాళ్లు 8.6 శాతం, వైకల్యం ఉన్నవాళ్లు 2.21 శాతం. ఆ పాళ్లనే తీసుకున్నా ఈ పట్టణంలో వృద్ధులు 6,880 మంది, దివ్యాంగులు 1,768 మంది ఉండాలి. ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటారు. ఎందుకంటే మన దగ్గర పిల్లలు తక్కువగా పుడుతున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8గా తేలింది. ఆ పుట్టిన ఒకరిద్దరూ చదువై హైదరాబాద్‌కో బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్తున్నారు. ఇంట్లో మిగిలేది తల్లిదండ్రులిద్దరే, తర్వాత వాళ్లలో ఒక్కరే.

జనగణన శాతాలు మీకు కొలత చెబుతాయి, మనుషుల్ని చూపించవు. అందుకు వార్డు తిరగాలి. తిరిగేవాళ్లు కొత్తగా పుట్టుకురానక్కర్లేదు. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో తెలుసు. అంగన్‌వాడీ టీచరుకు ఏ పిల్లవాడు నడవడం లేదో తెలుసు. పట్టణ మహిళా సంఘాల్ని చూసుకునే మెప్మా ఆర్పీకి (రిసోర్స్ పర్సన్‌కి) తన సంఘాల్లో ఏ ఇల్లు వడ్డీల కింద నలుగుతోందో తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో వార్డు సచివాలయ సిబ్బంది పింఛను ఇవ్వడానికి ఇంటింటికీ వెళ్తారు. ఇన్ని కళ్లు చూసింది ఒకచోట రాసి ఉండకపోవడమే లోపం. వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి వార్డు పటం ముందు పరిస్తే, సగం సర్వే ఒక్క మధ్యాహ్నంలో పూర్తవుతుంది.

మిగతా సగానికి ఇళ్లకు వెళ్లినప్పుడు, ‘మీకేం కావాలి?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు పింఛను, ఇంటిస్థలం అనే జవాబులొస్తాయి. మిమ్మల్ని చూస్తే ప్రభుత్వం గుర్తొస్తుంది కాబట్టి, వాళ్ల తప్పేం లేదు. నిన్నటి రోజు గురించి అడగండి. ‘నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారమ్మా, ఎవరు వండారు? స్నానం ఎవరు చేయించారు? మందులు ఎవరు తెచ్చారు? మీ అమ్మాయి బయటికి వెళ్లాక రాత్రి దాకా దగ్గర ఎవరున్నారు?’ ఈ జవాబుల్లోంచి అవసరం గంటల లెక్కన బయటపడుతుంది. ఏ ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు చూసే మనిషి లేడో తెలిస్తే, ఏ సేవ పెట్టాలో తెలిసినట్టే.

పింఛనుకూ సేవకూ తేడా ఇక్కడే అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. ఇది చాలా పెద్ద ఆసరా. అయితే డబ్బు ఇంటికొస్తే సరిపోదు, ఆ డబ్బుతో పిలిపించుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఊళ్లో దొరకాలి. ప్రభుత్వం డబ్బు పంపగలదు. చూసుకునే మనుషుల్ని తయారుచేసుకోవాల్సింది పట్టణమే.

ఒక జాగ్రత్త. ఈ జాబితాలో జనాల రోగాలు, బాధలు, ఇంటిగుట్టు ఉంటాయి. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. పేర్లున్న పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి. మీటింగుల్లో అంకెలు మాత్రమే చెప్పాలి.

ఉన్నదాన్ని ముందు వాడుకోండి

కొత్త సేవ పెట్టేముందు ఉన్న సేవల జాబితా రాయండి. వినికిడి, నడక, మాట సమస్యలున్న పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. హింసకు గురైన మహిళలకు జిల్లాలో సఖి కేంద్రం ఉంటుంది, 181 నంబరు ఉంటుంది. పిల్లల ఆపదకు 1098, వృద్ధులకు 14567, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416. తల్లిదండ్రుల్ని పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. దానికి ఆర్డీవో అధ్యక్షత వహిస్తారు. అదే చట్టం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పేదలకు, మహిళలకు ఉచితంగా వకీలు దొరుకుతారు.

ఇవన్నీ ఒక పెద్ద అట్టమీద తెలుగులో రాసి మందుల షాపులో, రేషన్ షాపులో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో పెట్టండి. ప్రతి పేరు పక్కనా మూడు సంగతులు ఉండాలి: ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, ఎవర్ని కలవాలి. ఈ అట్టకు మీకయ్యే ఖర్చు స్వల్పం. అవతల ఏడాదికి ఎన్నో కుటుంబాలకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఉన్న సేవ అందక మిగిలిపోయినవాళ్లను దాని దగ్గరికి చేర్చడం కూడా సేవే. అది అన్నిటికంటే చవక.

ఒకటే ఎంచుకోండి

సర్వే పూర్తయ్యాక గుండె బరువెక్కుతుంది. అన్నీ చేయాలనిపిస్తుంది. అన్నీ మొదలుపెట్టిన సంఘాలు రెండేళ్లలో చెల్లాచెదురవుతాయి. మొదటి రెండేళ్లకూ ఒక్క సేవనే ఎంచుకోండి. ఎంచుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అందకపోతే మనిషికి ప్రాణహాని కానీ తీరని నష్టం కానీ ఉందా? ఇంకెవరూ చేయడం లేదా? మన పట్టణంలో దొరికే మనుషులతో చేయగలమా? మూడేళ్లు నడపగలమా? నాలుగింటికీ అవునని వచ్చినదే మీ సేవ. నాలుగో ప్రశ్నకు జవాబు లేనిది ఎంత మంచిదైనా పక్కన పెట్టండి. పెట్టి తీసేసిన సేవ, నమ్ముకున్న ముసలివాళ్లను ముందున్న స్థితికంటే కిందికి తోస్తుంది.

ఒక నమూనా చెబుతాను. కేరళలో కోజికోడ్‌లో 1993లో నొప్పి, ఉపశమన చికిత్సకు ఒక సొసైటీ మొదలైంది. అక్కడి నుంచి ఆ పని చుట్టుపక్కల జిల్లాలకు పాకి, ఊరివాళ్లే శిక్షణ పొంది నర్సు వెంట ఇళ్లకు వెళ్లే పద్ధతిగా పెరిగింది. ఇరుగుపొరుగు ఇచ్చే చిన్న చిన్న విరాళాలతో ఎన్నో యూనిట్లు నడిచాయి. 2008లో కేరళ ప్రభుత్వం దానికొక విధానం ప్రకటించింది. పంచాయతీలు, మునిసిపాలిటీలు తమ ప్రణాళికా నిధుల్లోంచి ఇంటికెళ్లి చూసే నర్సులను పెట్టుకోసాగాయి. ముందు జనం చేసి చూపించారు, తర్వాత స్థానిక సంస్థ పద్దు రాసింది. ఆ వరుసలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. చేసి చూపించిన పనికి డబ్బు అడగడం తేలిక, ఊహించిన పనికి అడగడం కష్టం.

అలాంటి ఇంటి సందర్శన సేవను మీరు ఎంచుకుంటే లెక్క ఇలా వేయాలి. ఒక నర్సు స్కూటీ మీద రోజుకు 5 ఇళ్లు చూడగలదు. నెలకు 25 రోజులంటే 125 సందర్శనలు. ఒక్కో ఇంటికి నెలకు రెండుసార్లు వెళ్లాలంటే ఆమె 62 ఇళ్లకు మించి చూడలేదు. మీ జాబితాలో 150 మంది ఉంటే ఒక నర్సుతో మొదలుపెట్టి అందరికీ వస్తామని మాటివ్వకూడదు. ఎవర్ని ముందు చూడాలో నియమం పెట్టుకుని, దాన్ని బయటికి చెప్పాలి.

రోజు ఖర్చు నుంచి ఏడాది ఖర్చుకు

మీ పట్టణం వృద్ధులకు పగటి కేంద్రం ఎంచుకుందనుకుందాం. ఉదయం 9 గంటలకు వచ్చి సాయంత్రం 5 దాకా 30 మంది ఉంటారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, బీపీ చూడటం, నలుగురితో మాటలు. నెలకు 26 రోజులు. ఈ కింది అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

భోజనం, టీ: ఒక్కరికి రోజుకు 60 రూపాయల చొప్పున 46,800
నిర్వాహకురాలి జీతం: 18,000
ఇద్దరు ఆయాలకు: 24,000
వంటమనిషికి: 12,000
నడవలేనివాళ్లను తెచ్చి దించే ఆటోకు: 15,000
కరెంటు, నీళ్లు, గ్యాసు: 6,000
నర్సు రాకపోకలు, చిన్నచిన్న మందులు: 4,000
మరమ్మతులకు పక్కన పెట్టేది: 4,200

మొత్తం నెలకు 1,30,000 రూపాయలు, ఏడాదికి 15,60,000. మనిషికి రోజుకు దాదాపు 167 రూపాయలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది దీన్ని గమనించరు. వచ్చేవాళ్లు 30 నుంచి 22కు తగ్గారనుకోండి. భోజనాల ఖర్చు తగ్గుతుంది కానీ జీతాలు, ఆటో, కరెంటు తగ్గవు. అప్పుడు మనిషికి రోజు ఖర్చు 205 రూపాయలు దాటుతుంది. అందుకే హాజరు పుస్తకం డబ్బుల పుస్తకమంత ముఖ్యం. ఒక పెద్దావిడ రావడం మానేస్తే మర్నాడే ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. అది ఆమెపై ప్రేమ, అదే సమయంలో కేంద్రం ఆర్థిక ఆరోగ్యానికి కాపలా కూడా.

రెండో సంగతి. మనవాళ్లు సేవ అనగానే జీతాలు తగ్గించాలని చూస్తారు. ‘పుణ్యం కదమ్మా, కొంచెం సర్దుకో’ అని ఆయాను అడుగుతారు. ఆమె సర్దుకుని సర్దుకుని ఆరో నెలలో బట్టల షాపులో చేరిపోతుంది. వృద్ధులకు అలవాటైన చేయి పోతుంది. పేద స్త్రీ చాకిరీ మీద నిలబడే సేవ ఒక బలహీనుడి భారాన్ని ఇంకో బలహీనురాలి నెత్తిన పెట్టినట్టే. జీతం న్యాయంగా, తేదీ తప్పకుండా ఇవ్వగలిగినంత మేరకే కేంద్రం సైజు పెట్టుకోండి.

ఇక ఈ 15,60,000ను పట్టణ జనాభా 80,000తో భాగించి చూడండి. మనిషికి ఏడాదికి 19 రూపాయల 50 పైసలు. ఇంటికి నలుగురనుకుంటే ఇంటికి నెలకు ఆరున్నర రూపాయలు. ఈ అంకెను కాగితం మీద పెద్దగా రాసి ప్రతి మీటింగులోనూ చూపించండి. ‘మన ఊరు భరించలేదు’ అనే మాటకు అదే జవాబు.

ప్రతి రూపాయికీ ఒక స్వభావం

డబ్బంతా ఒకేలాంటిది కాదు. ఏ డబ్బు ఎన్నాళ్లుంటుంది, దేనికి ఒప్పుకుంటుంది, ఎప్పుడొస్తుంది అన్నవి తెలుసుకుని ఖర్చుతో జత కలపాలి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధి తీసుకుందాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర విలువ 500 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. మీ ఊరి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ, ఫార్మా కంపెనీ దీని కిందికి రావచ్చు. అయితే ఒక సీఎస్ఆర్ ప్రాజెక్టు మొదలైన ఏడాది కాక గరిష్ఠంగా మూడేళ్లే కొనసాగుతుంది. కాబట్టి ఈ డబ్బును ర్యాంపు, మరుగుదొడ్డి, మంచాలు, శిక్షణ వంటి మొదటి ఖర్చులకు వాడండి. నడిపే ఖర్చులో కొంత పెట్టినా, ఏటా దాని వాటా తగ్గేలా రాసుకోండి.

కేంద్ర ఆర్థిక సంఘం నిధులు మునిసిపాలిటీకి వస్తాయి. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021–26) పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టారు. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చారు కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు కాదు. అందువల్ల మీ ఆయా జీతం అందులోంచి అడిగితే ఫైలు తిరిగొస్తుంది. అది మునిసిపాలిటీ సొంత ఆదాయంలోంచి రావాలి. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, షాపుల అద్దె, ట్రేడ్ లైసెన్సు ఫీజు అన్నీ కలిసి ఆ ఆదాయం. మన పన్ను మనం సకాలంలో కట్టి, కట్టని పెద్ద భవనాల బకాయిలు వసూలు చేయమని అడిగినప్పుడే ‘మాకు డబ్బులివ్వండి’ అనే మాటకు బరువొస్తుంది.

గనులున్న జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం దాని ప్రాధాన్యాల్లో ఒకటి. కలెక్టర్ కార్యాలయంలో అడగాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ స్వచ్ఛంద సంస్థలకు వృద్ధాశ్రమాల కోసం, దివ్యాంగుల పునరావాసం కోసం గ్రాంట్లు ఇస్తుంది. కానీ గ్రాంటు మంజూరు కావడానికీ చేతికి రావడానికీ మధ్య కాలం పడుతుంది. ఆ మధ్యకాలంలో జీతాలిచ్చే నిల్వ లేకపోతే గ్రాంటే కొంప ముంచుతుంది.

నెలనెలా వచ్చే చిన్న విరాళం అన్నిటికంటే నమ్మకమైనది. 300 కుటుంబాలు నెలకు 100 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 3,60,000. ఎవరో ఒక పెద్దాయన ఒకేసారి 3,60,000 ఇచ్చినా అంకె అదే. కానీ 300 కుటుంబాలు ఇస్తే 300 ఇళ్లు కేంద్రం గురించి మాట్లాడుకుంటాయి, లెక్క అడుగుతాయి, ఓ పది ఇళ్లు మానేసినా కేంద్రం కదలదు.

వీటన్నిటినీ కలిపి మన పగటి కేంద్రానికి ఒక కలయిక చూద్దాం. మునిసిపాలిటీ 6,00,000. నెలవారీ దాతలు 3,60,000. సీఎస్ఆర్ 3,00,000. బియ్యం, పప్పు, కూరగాయల రూపంలో మిల్లర్లు, మార్కెట్ వర్తకులు, గుడి కమిటీ ఇచ్చేది 1,80,000 విలువ. ఇచ్చుకోగల పది కుటుంబాలు తమ పెద్దల కోసం నెలకు 1,000 చొప్పున 1,20,000. మొత్తం 15,60,000. ఇందులో ఏ ఒక్క వాటా 40 శాతం దాటలేదు. ఈ నియమం గోడమీద రాసుకోదగ్గది. ఎవరు తప్పుకున్నా సేవ కుంటుతుంది తప్ప కూలకూడదు. దీనికి తోడు మూడు నెలల ఖర్చు, అంటే 3,90,000, ఎప్పుడూ బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఆ నిల్వ సమకూరేదాకా ప్రారంభోత్సవం వాయిదా వేయండి.

దీర్ఘకాలానికి శాశ్వత నిధి ఆలోచన చేయవచ్చు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం మన అందరికీ తెలుసు. భక్తుల విరాళాలు బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వడ్డీతో అన్నదానం నడపడం ఆ ట్రస్టు పద్ధతి. చిన్న పట్టణం మొత్తం ఖర్చును ఇలా మోయలేదు. 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 15,60,000 రావడానికి రెండు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు డిపాజిట్ కావాలి. అయితే ఒక్క నిర్వాహకురాలి జీతం, ఏడాదికి 2,16,000, రావడానికి సుమారు 31 లక్షలు చాలు. దాతలు భోజనాలకు ఇష్టంగా ఇస్తారు, నిర్వాహకురాలి జీతానికి ఇవ్వరు. కాబట్టి శాశ్వత నిధిని ఆ జీతం కోసమే కూడబెట్టండి. కన్నుమూసిన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం అమెరికా నుంచి పిల్లలు పంపే డబ్బుకు ఇంతకంటే మంచి చోటు లేదు.

మునిసిపాలిటీని అడిగే పద్ధతి

ఇది దయాభిక్ష కాదు, స్థానిక సంస్థ పనే. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి. అందులో తొమ్మిదోది దివ్యాంగులతో సహా బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ. పదకొండోది పట్టణ పేదరిక నిర్మూలన. తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం ప్రతి వార్డులోనూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంది. మీ వార్డులో ఆ వృద్ధుల కమిటీ ఉందో లేదో, కూర్చుంటోందో లేదో కనుక్కోండి. లేకపోతే ఏర్పాటు చేయమని కమిషనర్‌కు రాయండి.

బడ్జెట్ ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఫిబ్రవరిలో అడిగితే ఆలస్యమైనట్టే, అప్పటికి పద్దులు దాదాపు ఖాయమైపోతాయి. దసరా వెళ్లగానే పని మొదలుపెట్టి, నవంబరులో కమిషనర్‌ను, డిసెంబరులో మీ కౌన్సిలర్‌నూ ఛైర్‌పర్సన్‌నూ కలవండి. ముందుగా పోయినేటి బడ్జెట్ పుస్తకం సంపాదించండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మహిళా శిశు సంక్షేమం, దివ్యాంగులు, ఎస్సీ, ఎస్టీ పద్దుల్లో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని పక్కపక్కన రాయండి. కేటాయించీ ఖర్చు చేయని డబ్బు కనిపిస్తే, మీ ప్రతిపాదనకు అదే తలుపు.

ప్రతిపాదన ఒక్క పేజీ దాటకూడదు. ఎంతమందికి అవసరం, ఏ సేవ, రోజుకు మనిషికి ఎంత, ఏడాదికి ఎంత, అందులో మేం తెచ్చేది ఎంత, మీరివ్వాల్సింది ఎంత, ఏ పద్దు కింద. ‘మేం 9,60,000 తెస్తున్నాం, మీరు 6,00,000 ఇవ్వండి’ అన్న కాగితాన్ని పక్కన పెట్టడం ఏ కౌన్సిల్‌కైనా కష్టం. మౌఖిక హామీతో తృప్తిపడకండి. అజెండాలో అంశం ఎక్కాలి, తీర్మానం కావాలి, తీర్మానం కాపీ మీ చేతిలో ఉండాలి. కౌన్సిలర్లు మారతారు, కమిషనర్లు బదిలీ అవుతారు. తీర్మానం పుస్తకంలో ఉంటుంది.

లెక్క చదివి వినిపించండి

ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని పెద్దయెత్తున నడిపి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కూలీల ముందే మస్తర్లు చదివి ‘ఈ డబ్బు నీకు అందిందా?’ అని అడిగిన పద్ధతి మన నేల మీద పండింది. దాన్ని మీ కేంద్రానికి తెచ్చుకోండి. మూడు నెలలకోసారి వార్డు జనం ముందు, కేంద్రానికి వచ్చే పెద్దల ముందు, వచ్చిందీ పోయిందీ గట్టిగా చదవండి. హాజరు చదవండి. ఫిర్యాదులు చదవండి, ఏం చేశారో చెప్పండి. తిన్నవాళ్లకే పప్పు ఎలా ఉందో తెలుస్తుంది. వాళ్లు మాట్లాడటానికి భయపడని సభ జరిగితే మీ సేవ బతికినట్టే. ఇలా లెక్క చెప్పే సంస్థకు డబ్బు అడగడం ఏటికేడు తేలికవుతుంది.

వచ్చే పన్నెండు వారాల పని

మొదటి రెండు వారాల్లో మీతో కలిసే అయిదుగురిని చూసుకోండి. అందులో లెక్కలు రాయగలవాళ్లు ఒకరు, ఆశా కార్యకర్తో ఆర్పీనో ఒకరు, సేవ అవసరమైన ఇంటి నుంచి ఒకరు తప్పక ఉండాలి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఒక్క వార్డు సర్వే చేయండి, ఉన్న సేవల అట్ట తయారుచేయండి. ఏడు, ఎనిమిది వారాల్లో నాలుగు ప్రశ్నలతో ఒక్క సేవ ఎంచుకుని నెల ఖర్చు లెక్క రాయండి. తొమ్మిది, పది వారాల్లో ప్రతి ఖర్చు పక్కనా అది వచ్చే చోటు రాయండి. చోటు దొరకని ఖర్చు ఉంటే సేవ సైజు తగ్గించండి. 30 మంది కాకపోతే 12 మందితో మొదలుపెట్టండి. పదకొండో వారంలో ఒక్క పేజీ ప్రతిపాదన రాయండి. పన్నెండో వారంలో దాన్ని మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి.

కౌన్సిల్ మొదటిసారి కాదనవచ్చు. అప్పుడు ఊళ్లో సమకూరిన డబ్బుతోనే చిన్నగా మొదలుపెట్టి, ఏడాది హాజరు పుస్తకం, ఏడాది లెక్కలు చేతపట్టుకుని వచ్చే నవంబరులో మళ్లీ వెళ్లండి. ఆ ఏడాదంతా 12 మంది పెద్దలు మధ్యాహ్నం వేడి అన్నం తిని ఉంటారు, 12 ఇళ్లలో కూతుళ్లూ కోడళ్లూ నిశ్చింతగా పనికి వెళ్లి ఉంటారు. దుప్పటి పంచిన రోజు మనకు గొప్పగా అనిపిస్తుంది, నిజమే. కానీ మన ఊరు బలహీనుణ్ణి ఎలా చూసుకుంటోందో తెలియాలంటే ఏ పండగా లేని మంగళవారం మధ్యాహ్నం చూడాలి. ఆ మధ్యాహ్నానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే రాసి పెట్టడం మీకూ నాకూ చేతనైన పని.